మాడిగన్ యాభై ఏళ్లు: గడువు ఎవరికి పెట్టాలి?

నేపర్‌విల్ బాబాయ్:
మైకేల్ మాడిగన్ 1971లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రతినిధుల సభలో అడుగుపెట్టాడు, 2021 దాకా కదల్లేదు. అందులో 36 ఏళ్లు స్పీకర్. అమెరికాలో ఇంతకాలం ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఇంకొకడు లేడు. చివరికేమైంది? కామ్‌ఎడ్ కరెంటు కంపెనీ ఆయన మనుషులకు పనిలేని కాంట్రాక్టులిచ్చి చట్టసభలో తన పనులు చక్కబెట్టుకోజూసింది. 2025లో జ్యూరీ 23 అభియోగాల్లో పదింటికి దోషన్నది, ఏడున్నరేళ్ల జైలు పడింది. ఏ సభ్యుడికైనా పన్నెండేళ్లు చాలని చట్టం ఉంటే ఇంతదూరం వచ్చేదా?

శాక్రమెంటో శ్రీను:
మా కాలిఫోర్నియాలో ఆ ముచ్చటా తీరింది బాబాయ్. 1980 నుంచి స్పీకర్‌గా పాతుకుపోయిన విల్లీ బ్రౌన్ మీద కోపం కూడా కలిసి 1990లో ప్రొపొజిషన్ 140 అని జనం ఓటుకు పెట్టిన ప్రతిపాదన నెగ్గింది. అసెంబ్లీలో ఆరేళ్లు, సెనేట్‌లో ఎనిమిది, అంతే. బడ్జెట్ ఒంటబట్టేలోపు సభ్యుడు పెట్టె సర్దుకోవాలి. పాత సంగతులన్నీ తెలిసినవాళ్లు లాబీయిస్టులే, అంటే కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరిగేవాళ్లే, మిగిలారు. బ్రౌన్ మాత్రం హాయిగా శాన్‌ఫ్రాన్సిస్కో మేయరయ్యాడు! 2012లో జనమే ఆ నిబంధన మార్చి, ఏ సభలోనైనా సరే మొత్తం 12 ఏళ్లన్నారు.

నేపర్‌విల్ బాబాయ్:
నేనన్నదీ పన్నెండే కదయ్యా!

గోదారమ్మాయి:
ఇద్దరూ సీటు చుట్టూనే తిరుగుతున్నారు. షికాగోలో మిడ్‌వే విమానాశ్రయం దగ్గరున్న ఒక్క నియోజకవర్గం ఓటేస్తే రాష్ట్రమంతా మాడిగన్ మాటే ఎలా చెల్లింది? ఏ బిల్లు ముందుకు కదలాలో రూల్స్ కమిటీ తేలుస్తుంది, ఆ కమిటీ స్పీకర్ మాట జవదాటదు. పైగా 1998 నుంచి రాష్ట్ర డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్షుడూ ఆయనే, ఎన్నికల డబ్బూ ఆయన చేతిలోదే. ఇక ఎదురు చెప్పేదెవరు? ఆయన్ను స్పీకర్ కుర్చీ దింపింది ఓటర్లు కాదు, చట్టమూ కాదు. 2021 జనవరిలో సొంత పార్టీవాళ్లే కావలసిన 60 ఓట్లు పడనివ్వలేదు. తర్వాత సభ తన నియమావళిలో స్పీకర్‌కు పదేళ్ల గడువు రాసుకుంది. గడువు పెట్టాల్సింది అక్కడ.

నేపర్‌విల్ బాబాయ్:
సభ రాసుకున్నది సభే కొట్టేసుకోవచ్చమ్మా. రాజ్యాంగంలో ఉంటేనే గట్టి.

గోదారమ్మాయి:
2014లో సభ్యుల గడువు కోసం జనం సంతకాలతో ఆ ప్రయత్నమే చేస్తే కోర్టులు బ్యాలెట్ దాకా రానివ్వలేదు బాబాయ్ గారూ. ఇక మిగిలింది సభలో తీర్మానం. అదీ ముందు రూల్స్ కమిటీకే వెళ్తుంది.