ఒకే కాలమ్ మీద రెండు ఇండెక్సులు: ప్లానర్ వాడనిదాన్ని తీసేయొచ్చా?

ఇండెక్స్‌రాయుడు:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక పెద్ద టేబుల్, ఐడీ కాలమ్ మీద ప్రైమరీ కీ (దానితో పాటే వచ్చే యూనిక్ ఇండెక్స్) ఉంది, మళ్ళీ ఎవరో అదే ఐడీ మీద ఇంకో మామూలు బీట్రీ ఇండెక్స్ వేసి పోయారు. ఎక్స్‌ప్లెయిన్‌లో (క్వెరీని ఎలా నడుపుతుందో చూపే కమాండ్) ఎప్పుడు చూసినా ఆ రెండోదే, ప్రైమరీ కీకి ఐడీఎక్స్_స్కాన్ (ఇండెక్స్‌ని ఎన్నిసార్లు స్కాన్ చేసిందన్న లెక్క) సున్నా. క్వెరీకి దారి ఎంచుకునే ప్లానర్ ఊరికే పక్కన పెట్టదు కదా, మరి దాన్ని మోయడం దేనికి?

పాతకాపు:
ఊరికే పెడుతుంది సార్, అదే కదా అసలు సంగతి. రెండిటికీ కాస్ట్ (పని ఖర్చు అంచనా) అచ్చంగా ఒకటే వస్తే ముందు చూసిన పాత్‌ని (దారిని) ఉంచుకుని తర్వాతదాన్ని పడేస్తుంది. ఇండెక్సుల్ని ఓఐడీ (ఒక్కో ఇండెక్స్‌కీ పుట్టినప్పుడు వచ్చే నంబరు) వరసలో తీసుకుని ఒక్కోదాన్నీ లిస్టు మొదట్లో చేరుస్తుంది కాబట్టి కొత్తది ముందుంటుంది, గెలుస్తుంది. ఇందులో తెలివేం లేదు. సోర్సులో అక్కడ కామెంట్ కూడా ఉంది, చివర్లో చేర్చడమే సబబు గానీ అలా మారిస్తే ఇలాంటి సమఉజ్జీల దగ్గర ప్లాన్లు మారిపోతాయని వదిలేశారట.

రాత్రిడ్యూటీ:
అన్నిసార్లూ సమానం అనకండి. పాత ఇండెక్స్ ఉబ్బిపోయి పేజీలు పెరిగితే రేంజ్ స్కాన్‌లో దాని కాస్ట్ పెరుగుతుంది, అప్పుడు కొత్తదాన్ని ఎంచుకోవడంలో అర్థం ఉంది.

పాతకాపు:
రేంజ్‌కి ఒప్పుకుంటా. ఐడీ ఇచ్చి ఒక్క రో తెచ్చేచోట రెండిట్లోనూ చదివేది ఒక్క లీఫ్ పేజీయే (ట్రీ అట్టడుగు పేజీ), ట్రీ ఎత్తు తేడా లేకపోతే కాస్ట్ ఒకటే. నమ్మకపోతే ఆ ప్రైమరీ కీని రీఇండెక్స్ కంకరెంట్లీ (టేబుల్ పని ఆపకుండా ఇండెక్స్‌ని మళ్ళీ కట్టడం) చేసి చూడండి, దానికి కొత్త ఓఐడీ వస్తుంది, రేపట్నుంచి ప్లానర్‌కి అదే ముద్దు. అప్పుడు రెండోదాన్ని పనికిరానిది అంటారా?

కీలుగుర్రం:
ఐడీఎక్స్_స్కాన్ చూసి తీర్పు చెప్పడమే తేడా. ఇన్సర్ట్‌లో డూప్లికేట్ ఉందా అని చూసే పని ఆ లెక్కలోకి రాదు. లెఫ్ట్ జాయిన్ అనవసరమని ప్లానర్ తీసేయాలన్నా యూనిక్ ఇండెక్స్ ఉందనే ఆధారం కావాలి, దాన్ని స్కాన్ చేయక్కర్లేదు, ఉంటే చాలు. ఇన్సర్ట్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (ఐడీ) అని, డూప్లికేట్ వస్తే ఏం చేయాలో చెప్పాలన్నా యూనిక్ ఇండెక్స్ ఉండాల్సిందే. తీయాల్సింది రెండోదే.

ఇండెక్స్‌రాయుడు:
సరే, ఈ జంట వరకూ ఒప్పుకుంటా. అసలు ఇలాంటిది వేస్తుంటే డేటాబేసే ఆపాలి. ఆరకిల్ ఓఆర్ఏ-01408 అనే ఎర్రర్‌తో మొహం మీదే తలుపేస్తుంది, మైఎస్‌క్యూఎల్ రెండూ ఒకే రకం ఇండెక్సులైతే కనీసం 1831 అని వార్నింగ్ ఇస్తుంది, ఇక్కడ ఉలుకూ పలుకూ లేదు. ట్రాన్సాక్షన్‌లో ఆ రెండోదాన్ని డ్రాప్ చేసి, ఎక్స్‌ప్లెయిన్ చూసి, రోల్‌బ్యాక్ కొడతా.

రాత్రిడ్యూటీ:
ప్రొడక్షన్‌లో మాత్రం వద్దు బాబూ, ఆ డ్రాప్ టేబుల్ మొత్తానికి యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ వేస్తుంది, మీరు ప్లాన్ చదివేలోపు సెలెక్టులతో సహా అన్నీ క్యూ కడతాయి. టెస్ట్ కాపీలో చూసుకుని, ప్రొడక్షన్‌లో డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీ కొట్టండి.