ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువు) ఉష్ణోగ్రతను దాని ఎక్స్-రేలతో కొలవడానికి సిలికాన్ డిటెక్టరు చాలదా, వంచిన స్ఫటికమే కావాలా?

పర్లాకిమిడి పంతులు: బరంపురం, గుణుపురం వైపు ఎమ్మెస్సీ పిల్లలు ప్లాస్మా అనగానే గాంధీనగర్ ఐపీఆర్ (ప్లాస్మా పరిశోధన సంస్థ) పేరు, స్ఫటిక స్పెక్ట్రోమీటరు (స్ఫటికంతో ఎక్స్-రేలను తరంగదైర్ఘ్యాలవారీగా విడదీసేది) పేరు ఎత్తుతున్నారు. సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరు (ఒక్కో ఎక్స్-రే ఫోటాన్ శక్తిని కొలిచేది) చాలని నా వాదన. చంద్రయాన్-2లో సూర్యుడి ఎక్స్-రేలు కొలిచే ఎక్స్‌ఎస్‌ఎం అదే రకం. 5.9 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 1 కేఈవీ అంటే 1000 ఈవీ) దగ్గర 180 ఈవీకన్నా మెరుగైన రిజల్యూషన్ (దగ్గరి శక్తుల్ని విడదీసే సామర్థ్యం), సెకనుకో స్పెక్ట్రం. కంటిన్యువం (రేఖలు కాక, తెగకుండా పరుచుకుని ఉండే భాగం) వాలు కొలిస్తే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత తేలిపోతుంది.

గోపాల్‌పూర్ గాలి: ఎలక్ట్రాన్లదైతే సరే మాస్టారూ, అయాన్ల మాటేటి? హీలియం తరహా ఆర్గాన్ (16 ఎలక్ట్రాన్లు ఊడి రెండే మిగిలినది) ఇచ్చే డబ్ల్యూ అనే ఎక్స్-రే రేఖ 3.949 ఆంగ్‌స్ట్రామ్, అంటే 3140 ఈవీ. అయాన్ల ఉష్ణోగ్రత 1 కేఈవీ అయితే (ప్లాస్మా వేడిని ఈవీల్లోనే చెబుతారు) డాప్లర్ వెడల్పు, అంటే అయాన్ల కదలికవల్ల రేఖ లావెక్కడం, 1.2 ఈవీ. మీ డిటెక్టరులో డబ్ల్యూ, అదే అయాన్ ఇచ్చే జెడ్ రేఖలే విడిపోవు, వాటి మధ్య 35 ఈవీయే ఉంది మరి. వంచిన క్వార్ట్జ్ 110 (110 అనేది పరమాణు తలం పేరు) స్ఫటికం 53.5 డిగ్రీల కోణం దగ్గర 0.3 ఈవీ దాకా విడదీస్తుంది.

రాయగడ: మైక్రోకెలోరీమీటరు (ఫోటాన్ పడితే పుట్టే చిటికెడు వేడిని కొలిచేది) సంగతేంటి? 2016లో జపాన్ ఎక్స్-రే ఉపగ్రహం హిటోమి దాంతోనే 5 ఈవీ రిజల్యూషన్‌తో పెర్సియస్ గెలాక్సీల గుంపులో వాయువు అల్లకల్లోలం 164 కి.మీ./సె. అని చెప్పింది కదా.

గోపాల్‌పూర్ గాలి: అది 6.7 కేఈవీ ఇనుము. అక్కడ ఆ వేగానికే వెడల్పు 8 ఈవీ దాటుతుంది. మన ఆర్గాన్ 1.2ని 5తో కలిపితే 5.14. ఆ తేడాలోంచి ఉష్ణోగ్రత లాగాలంటే పరికరం వెడల్పు అతి కచ్చితంగా తెలియాలి. పైగా 50 మిల్లీకెల్విన్ చలి కావాలి.

పర్లాకిమిడి పంతులు: స్ఫటికానికి మాత్రం గది చల్లగా ఉండక్కర్లేదా? క్వార్ట్జ్ డిగ్రీకి లక్షలో 1.3 వంతు సాగుతుంది. ఒక్క డిగ్రీ మారితే రేఖ జరిగి, ప్లాస్మాకి 4 కి.మీ./సె. దొంగ వేగం చూపిస్తుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే?

గోపాల్‌పూర్ గాలి: అది రేఖ స్థానాన్ని జరుపుతుంది. షాట్ (ఒకసారి ప్లాస్మా పుట్టించడం) కొద్ది సెకన్లే గనక వెడల్పు చెడదు. వేగమే కావాలంటే కాడ్మియం ఎల్-ఆల్ఫా రేఖ (3.956 ఆంగ్‌స్ట్రామ్) పక్కనే ఉంది, దాంతో క్యాలిబ్రేట్ చేయండి. అసలు జాగ్రత్త పడాల్సినవి వేరే. ఎక్స్-రే దారిలో మామూలు గాలి ఉండకూడదు. 3.1 కేఈవీకి ఐదారు సెంటీమీటర్ల గాలి చాలు, మూడింట రెండొంతులు మింగేస్తుంది. హీలియం నింపాలి, లేదా వాక్యూమ్. ఇక డబ్ల్యూకి పొడవు తరంగదైర్ఘ్యం వైపు అతుక్కుని ఉండే ఉపగ్రహ (శాటిలైట్) రేఖలనే చిన్న తోడు రేఖల్ని ఫిట్‌లో వదిలేస్తే రేఖ లావై, అయాన్ ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుంది.

కె (అలాంటి ఉపగ్రహ రేఖే), డబ్ల్యూ రేఖల నిష్పత్తి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతనూ ఇస్తుంది. రెండూ ఒకే రకం అయాన్ నుంచి పుడతాయి కనక అయనీకరణ సమతుల్యత (ఏ రకం అయాన్ ఎంత ఉందన్న లెక్క) బెడద లేదు. జె అనే మరో ఉపగ్రహ రేఖ వాడొద్దు, ఆర్గాన్‌లో అది జెడ్‌లో కలిసిపోతుంది. మీ వాలు పద్ధతికి అదుపు తప్పి అతి వేగంగా పరిగెత్తే రన్‌అవే ఎలక్ట్రాన్ల తోక తగిలిందంటే లేని వేడి కనిపిస్తుంది.

పర్లాకిమిడి పంతులు: వేడి పెరిగేకొద్దీ డబ్ల్యూ ముందు కె సన్నబడిపోతుంది, కౌంట్లు చాలవు. అక్కడ వాలే నయం.

రాయగడ: వాలు తీసేవాళ్లు పైల్-అప్ చూసుకోండి. రెండు 3.1 కేఈవీ ఫోటాన్లు ఒకేసారి పడితే 6.2 దగ్గర దొంగ శిఖరం లేస్తుంది, దాన్ని ఇనుమనుకోవద్దు. డిటెక్టరు ముందుండే బెరీలియం కిటికీ మందం కూడా కచ్చితంగా తెలియాలి, తక్కువ శక్తి వైపు వాలును అదే మార్చేస్తుంది.