సర్వసభ్య సమావేశంలో సభ్యులు నోరు విప్పాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: సంఘ కార్యదర్శి, రాయగడ

అందరికీ ప్రభువు నామమున వందనములు. మాది రాయగడలోని ఒక చిన్న బాప్టిస్టు సంఘం. కాపరిని (పాస్టరును) పిలుచుకోవడం, పెద్దలను ఎన్నుకోవడం, ఆస్తి కొనడం, పెద్ద ఖర్చులు పెట్టడం వంటివన్నీ సర్వసభ్య సమావేశంలోనే తీర్మానం కావాలని మా నియమావళి చెబుతుంది. మినిట్స్ పుస్తకం చూస్తే అంతా అలాగే జరుగుతున్నట్టు ఉంటుంది. జరిగేది మాత్రం వేరు. ఆరాధన ముగిశాక కోశాధికారి ఆదాయ వ్యయాలను ఒక్క గుక్కలో చదివి, "అందరికీ సమ్మతమేనా?" అని అడుగుతారు. సభ "ఆమేన్" అంటుంది. చాపలు చుట్టేస్తారు. ఆ తరువాత బయట చెప్పులు వేసుకునే చోట అసలు చర్చ మొదలవుతుంది.

ఇప్పుడు మందిరం రేకులు తీసి స్లాబు వేయించాలని పెద్దలు తలపెట్టారు. ఇంత ఖర్చుకు కూడా ఒక్క "ఆమేన్"తో అనుమతి తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కాపరి గారు ప్రసంగంలో రెండు సార్లు హెచ్చరించారు. దానితో సమావేశానికి వచ్చేవారు పెరిగారు గానీ మాట్లాడేవారు పెరగలేదు. కాగితం మిల్లులో షిఫ్టులు చేసేవారు ఎలాగూ రాలేరు. యువకుల్లో చాలామంది ఒడియా బడుల్లో చదివినవారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

కార్యదర్శి గారూ, చెప్పులు వేసుకునే చోట జరిగే ఆ చర్చనే మీ సమావేశపు మొదటి అంశంగా పెట్టుకోండి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మరొకసారి చదవండి. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచే పనిలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు స్థానిక యూదులైన హెబ్రీయుల మీద సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును పాపమని గద్దించలేదు; శిష్యులందరినీ పిలిచి, ఈ పనికి ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. ఎలాంటివారు కావాలో చెప్పారు గానీ పేర్లు చెప్పలేదు. సమూహం ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడం గమనించదగిన విషయం. ఫిర్యాదు ఎటు నుండి వచ్చిందో పనిని అటువైపు వారి చేతికే ఇచ్చారన్నమాట. తెలుగు, ఒడియా, సవర మాటలు ఒకే మందిరంలో వినిపించే మన ప్రాంతపు సంఘాలకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

మీ సభ్యులు మౌనంగా ఉండడానికి భక్తో భయమో కారణమని నేను అనుకోను. తీర్మానం ముందే అయిపోయిందని వారికి తెలుసు. స్లాబు వేయాలా అని అడిగితే "ఆమేన్" తప్ప జవాబు ఏముంటుంది? రేకులు మార్చితే ఎంత అవుతుంది, స్లాబుకు ఎంత అవుతుంది, ఉన్న నిధి ఎంత, తక్కువ పడేది ఎక్కడ నుండి రావాలి అన్న నాలుగు అంకెలను పక్షం రోజుల ముందే గోడ మీద అంటించండి. అదే కాగితాన్ని ఒడియా లిపిలో కూడా రాయించండి; ఆ పనిని యువకులకే అప్పగించండి. పెద్దలు తమ అభిప్రాయాన్ని చివర చెప్పాలి. మొదటే చెబితే, వారి ఎదుట కాదనడం మన ఊళ్ళలో మర్యాద అనిపించుకోదు.

జవాబు: స్త్రీల సమాజ బాధ్యురాలు, జయపురం

పర్లాకిమిడి అన్నయ్య గారు చెప్పినదంతా బాగుంది, కానీ అది మగవారి వైపు చాపల దాకానే వెళ్తుంది. మామగారు ఎదురుగా కూర్చుని ఉండగా కోడలు లేచి "ఈ ఖర్చు ఇప్పుడు వద్దు" అనగలదా? అదే కోడలు స్త్రీల కూడికలో గుప్పెడు బియ్యం (వంట వేళ ఇంటింటా తీసి ఉంచి సంఘానికి ఇచ్చే బియ్యం) లెక్క చూసేటప్పుడు ఎవరింటి నుండి ఎన్ని డబ్బాలు వచ్చాయో, అమ్మితే ఎంత వచ్చిందో, పోయిన నెలకూ ఈ నెలకూ తేడా ఎందుకు వచ్చిందో పుస్తకం చూడకుండా చెబుతుంది. లెక్క తెలియక కాదు, ఆ చోట మాట రాక ఊరుకుంటున్నారు.

కాబట్టి అంశాన్ని ముందుగా స్త్రీల కూడికలోనూ యౌవనస్థుల కూడికలోనూ, షిఫ్టులవారికి వీలైన ఒక సాయంత్రం ఎవరింట్లోనైనా చర్చకు పెట్టండి. అక్కడ వచ్చిన అభ్యంతరాలను ఎవరివో చెప్పకుండా ఒక కాగితం మీద రాసి, సర్వసభ్య సమావేశంలో మొట్టమొదట చదివించండి. చేతులెత్తించవద్దు, చిన్న సంఘంలో ఎవరి చెయ్యి లేచిందో ఏడాది పాటు గుర్తుంటుంది. చీటీలు పెట్టండి. చదవలేని పెద్దవారికి రెండు రంగుల చీటీలు చాలు. ఫలితం వచ్చాక, ఎవరి అభ్యంతరానికి ఏం జవాబు దొరికిందో కూడా చెప్పాలి. ఒకసారి చెప్పిన మాట గాలికి పోయిందనుకుంటే ఆ మనిషి రెండోసారి మాట్లాడదు.

జవాబు: లెక్కల తనిఖీదారు, బరంపురం

మీ సంఘం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే ఒక విషయం చూసుకోండి. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చందా మూడు నెలలకు మించి బకాయి పడినవారికి ఓటు ఉండదు. ఎన్నికల వేళ మాత్రమే ఈ నియమాన్ని బయటకు తీసే సంఘాలను నేను చూశాను. అంతకన్నా అనుమానం పెంచేది మరొకటి లేదు. బకాయిదారులకు ముందే, ఏకాంతంగా, తీర్చుకునే గడువుతో సహా చెప్పండి. లెక్కలను చదివి వినిపించడం మానేసి, ఒక పేజీలో అచ్చు వేయించి చేతికివ్వండి. సంఘపు ఉద్దేశాలను మార్చాలన్నా, మరో సంస్థలో కలపాలన్నా ప్రతిపాదనను పది రోజుల ముందే సభ్యులకు అందజేయాలని 12వ సెక్షన్ చెబుతుంది. స్లాబుకు అది వర్తించదు గానీ, మంచి పద్ధతిగా పాటించవచ్చు.

కార్యదర్శి, రాయగడ

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు చోట్ల ముందస్తు చర్చలకు పెద్దలు ఒప్పుకున్నారు. చీటీల విషయంలో ఒకరిద్దరు "సంఘంలో రాజకీయం ఎందుకు" అంటున్నారు, వారితో మాట్లాడాలి. విశాఖపట్నం, హైదరాబాదులలో పనికి వెళ్ళిన సభ్యులు ఫోనులో ఓటు వేయవచ్చా?

లెక్కల తనిఖీదారు, బరంపురం

మీ నియమావళిలో ఆ వీలు రాసి ఉంటేనే వేయవచ్చు. లేకపోతే ఈసారికి వారి అభిప్రాయాలను ఫోనులో తీసుకుని, జయపురం సోదరి గారు చెప్పిన అభ్యంతరాల కాగితంలో చేర్చండి. ఓట్ల లెక్కలో మాత్రం కలపవద్దు. నియమావళి సవరణను స్లాబుతో ముడిపెట్టకుండా వేరే సమావేశంలో పెట్టండి.