కొత్త వెర్షన్ కబురు గ్రూపులో ఎట్టా పెట్టాలి?

పెన్నగట్టు (నెల్లూరు):
నెల్లూరు, కావలి, ఒంగోలులో డీటీపీ సెంటర్లు, కాలేజీ ల్యాబులు నడిపేవాళ్లకు ఒక టెలిగ్రామ్ గ్రూపుంది. ఎక్కువమందివి ఉబుంటు 24.04, కొందరివి డెబియన్ 12, రెండూ లినక్స్ రకాలే (డిస్ట్రోలు). గింప్ (బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్) కొత్తది వచ్చింది, లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్) కొత్తది వచ్చింది అని వీడియో లింకులు పడుతుంటాయి. తీరా చూస్తే అది బీటా (పరీక్ష వెర్షన్), లేకపోతే అప్‌డేట్ కొట్టినా రాదు. అసలు కబురు ఎక్కడ పట్టుకోవాలి? ఏం రాస్తే అందరికీ పనికొస్తుంది?

గుండ్లకమ్మ (ఒంగోలు):
అన్నా, ప్రాజెక్టువాళ్లు చెప్పిందే కబురు. గిట్‌హబ్‌లో (ప్రాజెక్టులు తమ కోడ్ పెట్టే సైట్) ఉన్నదైతే వాచ్ నొక్కి, కస్టమ్‌లో రిలీజెస్ ఒక్కదానికే టిక్ పెట్టండి. ఆల్ యాక్టివిటీ పెడితే ప్రతి బగ్గుకూ మెయిల్ వచ్చి అసలుది మునిగిపోతుంది. అకౌంట్ వద్దనుకుంటే గిట్‌హబ్‌లో ఆ ప్రాజెక్టు పేజీ చిరునామా చివర స్లాష్ రిలీజెస్ డాట్ యాటమ్ చేర్చి, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ ఫీడ్స్‌లో పెట్టుకోవచ్చు. కొందరు రిలీజ్ పేజీ రాయకుండా కోడ్‌కు వెర్షన్ పేరుతో ట్యాగ్ వేసి వదిలేస్తారు. వాటికి ట్యాగ్స్ డాట్ యాటమ్. గింప్ గిట్‌హబ్‌లో కాక అలాంటిదే గిట్‌ల్యాబ్‌లో ఉంటుంది కాబట్టి దాని సైట్‌లోని న్యూస్ పేజీయే నయం.

బీటాను పేరులోనే పట్టేయొచ్చు: ఆల్ఫా, బీటా, ఆర్‌సీ (విడుదలకు ముందు ఆఖరి పరీక్ష వెర్షన్). గింప్‌లో మొదటి చుక్క తర్వాతి సంఖ్య బేసి అయితే (2.99, 3.1) అది పరీక్షకే. లిబ్రేఆఫీస్‌లో 25.2, 25.8 అంటే ఏడాది, నెల. ఆఫీసు పనికి చివర సున్నా ఉన్నదాన్ని (25.8.0 లాంటిది) తొందరపడి ఎక్కించొద్దు, రెండు మూడు దిద్దుబాట్లు రానివ్వండి.

కావలి_ల్యాబ్:
మీ గ్రూపులో అసలు తికమక వేరు. విడుదలైనదంతా మన మెషీన్‌కు రాదు. డెబియన్ స్టేబుల్ (స్థిర వెర్షన్), ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి దిద్దుబాట్లు అందేది) విడుదలయ్యాక చాలావరకు వెర్షన్లను అక్కడే ఆపేసి, భద్రతా దిద్దుబాట్లు, ముఖ్యమైన బగ్గుల సవరణలు మాత్రం ఇస్తాయి. గింప్ 3.0 2025 మార్చి 16న వచ్చినా ఉబుంటు 24.04, డెబియన్ 12లలో ఇప్పటికీ 2.10 వరసే. ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ కొట్టినా అంతే. టెర్మినల్‌లో 'ఆప్ట్ పాలసీ గింప్' కొట్టి క్యాండిడేట్ అన్న లైను చూడండి, అప్‌గ్రేడ్ కొడితే వచ్చే వెర్షన్ అదే. ఏ డిస్ట్రోలో ఏ వెర్షన్ ఉందో రిపాలజీ సైట్‌లో ఒక్కచోటే కనిపిస్తుంది.

గ్రూపులో ఇట్టా పెట్టండి:

"గింప్ 3.0, స్థిర వెర్షన్. ఉబుంటు 24.04, డెబియన్ 12 రిపోల్లో (వాటి సొంత సాఫ్ట్‌వేర్ భాండారాల్లో) లేదు, ఫ్లాట్‌హబ్‌లో (ఏ లినక్స్‌కైనా యాప్‌లు దొరికే చోటు) ఉంది. మొదటిసారి రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావలసిన ఫైళ్లు) కూడా దిగుతుంది, మొబైల్ డేటా మీద పెట్టొద్దు. 2.10 ప్లగిన్లు (అదనపు పనిముట్లు) చాలావరకు నడవవు. ఇందులో కొత్త ఎఫెక్టులు వాడి సేవ్ చేసిన ఎక్స్‌సీఎఫ్ (గింప్ సొంత రకం) ఫైలు పాత గింప్‌లో తెరుచుకోకపోవచ్చు."

ఆఖరి ముక్క డీటీపీవాళ్లకు చాలా ముఖ్యం. నెల్లూరులో చేసిన డిజైన్ ఒంగోలు ప్రెస్సులో తెరవాలి కదా.

పెన్నగట్టు:
సరిగ్గా ఇదే కావాలి. మరి భద్రత కబుర్లు వస్తే వెంటనే పంపేయాలా?

గుండ్లకమ్మ:
ముందు వెర్షన్ చూడండి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్‌లో (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. అది ఉన్నది 5.6.0, 5.6.1లలోనే. డెబియన్ 12లో ఉన్నది 5.4 కాబట్టి దాన్ని తాకలేదు. ఏ వెర్షన్లకు ముప్పు, మనది ఎట్టా చూసుకోవాలి, ఈ రెండూ లేకుండా కంగారు సందేశం పంపితే ల్యాబుల్లో అక్కర్లేని ఫార్మాట్లు మొదలవుతాయి. డెబియన్ సెక్యూరిటీ అనౌన్స్ మెయిల్ జాబితా, ఉబుంటు సెక్యూరిటీ నోటీసులు, ఈ రెండింటికీ చందాదారుగా చేరండి. ఇంకోటి, ఇన్‌స్టాలర్ ఫైల్‌ను గ్రూపులో ఎక్కించొద్దు. ప్రాజెక్టు డౌన్‌లోడ్ పేజీ లింకు ఇవ్వండి, ఫైలు మారలేదని సరిచూసుకునే షా 256 కోడ్ సాధారణంగా అక్కడే ఉంటుంది.