తోక కింద ఈకలకు రెట్ట అంటుకుంటే వెంటనే యాంటీబయాటిక్ తాగించాలా?

పెరటి గూడు:
ఇంటి వెనక గ్రామప్రియ పెట్టలు పెంచుతున్నాం. రెండింటికి తోక కింద ఈకలు తడిసి, రెట్ట ఎండి పిడచ కట్టింది. రెట్ట పల్చగా పడుతోంది. మేత మాత్రం తింటున్నాయి, గుడ్లూ పెడుతున్నాయి. మందుల షాపులో అడిగితే ఏదో యాంటీబయాటిక్ పొడి ఇచ్చి, గూట్లో ఉన్న కోళ్లన్నిటికీ నీళ్లలో కలిపి ఐదు రోజులు తాగించమన్నారు. మా అత్తయ్యేమో మందులొద్దు, మజ్జిగ పోస్తే సరిపోతుందంటున్నారు. ఆ గుడ్లు పిల్లలు రోజూ తింటారు, అందుకే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కోనసీమ పుంజు:
ఆలస్యం చేయకుండా తాగించండి అమ్మా. మా వైపు కొక్కెర తెగులు వచ్చిందంటే గూళ్లకు గూళ్లే ఖాళీ అయిపోతాయి. పారుడు కనిపించాక డాక్టరు కోసం చూస్తూ కూర్చుంటే తెల్లారేసరికి రెండో మూడో పోతాయి. పల్లెల్లో పరీక్షలు చేయించుకునే వీలు ఎవరికుంది? పొడి ఖరీదెంత, పెట్ట ఖరీదెంత?

జొన్నచేను:
కోనసీమ అన్నా, కోళ్లు పోతే ఆ బాధ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. దాని మీద ఏ యాంటీబయాటిక్ పొడీ పనిచేయదు. దానికి టీకాయే దారి: పిల్లకు 5-7 రోజుల వయసులో లసోటా చుక్క, 8 వారాలకు ఆర్‌2బి సూది. అది వచ్చిన కోడి మేత మానేసి మూలన కునుకుతుంది, ఆకుపచ్చగా పారుతుంది, మెడ తిరుగుతుంది, రెక్కో కాలో పడిపోతుంది. అక్క చెప్పినవి తిని, తిరిగి, గుడ్లు పెడుతున్న పెట్టలు. రెండింటికీ ఒకటే వైద్యం ఎలా అవుతుంది?

ముందు రెట్ట చూడాలి. తెల్లారి గూడు తీయగానే కింద పరిచిన గోనెపట్టా మీద తెలిసిపోతుంది. ముద్దగా ఉండి పైన తెల్లటి టోపీ ఉంటే మంచి రెట్ట. మధ్యమధ్యలో చాక్లెట్ రంగులో జిగటగా, ఘాటు వాసనతో ఒకటి పడుతుంది. చాలామంది దాన్ని చూసే పారుడు అనుకుంటారు. అది పేగు చివరి తిత్తుల నుంచి వచ్చేది, రోగం కాదు. పొదుగుడు మీదున్న పెట్ట రోజంతా బిగబట్టి ఒకేసారి పెద్ద కుప్ప వేస్తుంది, అదీ మామూలే. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగి రెట్ట నీళ్లలా పడుతుంది, దానికి కావలసింది నీడ, చల్లటి నీళ్లు. రెట్టలో రక్తం కనిపిస్తేనో, నట్టలు కనిపిస్తేనో మందు కావాలి, కానీ అవి వేరే మందులు. రక్తపారుడు ఎక్కువగా పిల్లకోళ్లకు వస్తుంది, దానికి ఆంప్రోలియం. నట్టలకు నట్టల మందు.

ఇంకో మాట. కొలిస్టిన్ కలిపిన పొడులు కోళ్లకు వాడకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు ఇచ్చే మందు అది. షాపులో ఇచ్చిన ప్యాకెట్ మీద మందు పేరేంటో చదివారా అక్కా?

కోనసీమ పుంజు:
వైరస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ నీరసపడ్డ కోడికి పైన బ్యాక్టీరియా కూడా దిగుతుంది. డాక్టర్లే యాంటీబయాటిక్ రాస్తారు కదా?

జొన్నచేను:
రాస్తారు అన్నా, కోడిని చూసి రాస్తారు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఆ తర్వాత గుడ్లు ఎన్నాళ్లు తినకూడదు అన్నీ చెబుతారు. ఇక్కడ జబ్బేంటో తెలియకుండా గూడు మొత్తానికి పోయమన్నారు. ఆ గుడ్లు పిల్లల కంచంలోకి వెళ్తున్నాయి. నా అభ్యంతరం దాని మీదే.

మేడమీద తోట:
అత్తయ్యగారి మజ్జిగ మీద కూడా ఒక మాట. కోడికి పాలలోని చక్కెర అరగదు. పులిస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బాగున్న కోడికి మేతలో చెంచాడు పెరుగు కలిపితే ఇబ్బంది లేదు. పారుతున్న కోడికి నీళ్ల బదులు మజ్జిగే పోస్తే ఇంకా పారుతుంది. ఇంతకీ ఇంట్లో మిగిలినవి ఏం వేస్తున్నారు?

పెరటి గూడు:
రాత్రి మిగిలిన సాంబారన్నం, ఒక్కోసారి పచ్చడి కలిపిన ముద్దలు వేస్తాం. ప్యాకెట్ ఇంకా విప్పలేదు. ఇప్పుడే వెళ్లి చూశాను. ఒక పెట్టకు రెట్ట నీళ్లగా ఉంది, అంతే. రెండోదానికి మాత్రం తోక కింద తెల్లగా పేస్టులా కారి, పులిసిన వాసన వస్తోంది. చర్మం ఎర్రగా కమిలింది.

జొన్నచేను:
ఉప్పు, కారం ఉన్న అన్నం ఈ రోజే ఆపేయండి. కోడికి ఉప్పు ఎక్కువైతే దాహం పెరిగి రెట్ట నీళ్లవుతుంది. మొదటిదానికి బహుశా అదే కారణం.

రెండోది బూజు జాతి ఇన్‌ఫెక్షన్‌లా ఉంది. అది అయితే యాంటీబయాటిక్ ఇంకా చెడుపు చేస్తుంది, పేగులో మంచి బ్యాక్టీరియా చచ్చి బూజు విజృంభిస్తుంది. పొడి విప్పకపోవడం మంచిదైంది. గుడ్డు అడ్డం పడినా ఇలా కారొచ్చు, పెట్ట తోక దించి నిటారుగా నిలబడి ముక్కుతోందేమో గమనించండి.

ఈలోపు ఈకలు కడగండి. ఎండిన పిడచను లాగకండి, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో వెనక భాగం మునిగేలా పట్టుకుంటే పిడచ నాని దానంతటదే జారుతుంది. మిగిలిన ఈకలు మొన దగ్గర కత్తిరించండి. కొత్తగా మొలుస్తున్న ఈక మొదట్లో రక్తం ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. పూర్తిగా తుడిచి ఆరాకే వదలండి. ఎర్రటి చర్మం కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, కాబట్టి విడిగా ఉంచండి. వానాకాలంలో ఆ తడి మీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి, కడగడం వాయిదా వేయొద్దు.

కోనసీమ పుంజు:
తెల్ల పేస్టు, పులిసిన వాసన అంటే నేనూ పొడి పొయ్యమనను అమ్మా. కానీ గూట్లో ఒక్కటి మేత మానేసి కునికినా ఆగొద్దు, పశువైద్య సంచార వాహనం నంబరు 1962కి ఫోన్ చేయండి. వరసగా చనిపోతుంటే కోయకండి, ఇరుగుపొరుగుకు ఇవ్వకండి. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో చూశాం.

పెరటి గూడు:
అలాగే అన్నయ్యా. రెండోదాన్ని విడిగా గంప కింద పెట్టాను. సోమవారం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తాను. రెట్ట కూడా పట్టుకెళ్లాలా?

జొన్నచేను:
పట్టుకెళ్లండి. ఆ రోజు పొద్దున పడినదే, మట్టి అంటకుండా కడిగి ఆరబెట్టిన చిన్న డబ్బాలో. ఎండ తగలనివ్వకండి. మందుల ప్యాకెట్ కూడా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.