బ్లూరే ఉండగా అదే సినిమాని 4కె డిస్కులో మళ్లీ కొనాలా?

పాతరీలు:
డీవీడీ నుంచి బ్లూరేకి మారమంటే ఒప్పుకుంటాను. బ్లూరే నుంచి 4కె యూహెచ్‌డీకి మారమంటే, చాలా సినిమాల విషయంలో ఒప్పుకోను.

డీవీడీలో బొమ్మ 720×480, పాల్ (మనదేశం, యూరప్‌లలో వాడిన టీవీ పద్ధతి) అయితే 720×576. బ్లూరేలో 1920×1080. అంటే మొదటిదానికి సరిగ్గా ఆరు రెట్లు. పాల్ డీవీడీలకు ఇంకో తద్దినం ఉంది: సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25కి తిప్పేస్తారు, కాబట్టి 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, చాలావాటిలో గొంతులు కూడా కాస్త కీచుగా మారతాయి. బ్లూరేతో ఈ రెండు బాధలూ పోయాయి.

4కెలో పిక్సెళ్లు మళ్లీ నాలుగు రెట్లు. కానీ చూసేది కన్ను కదా. మామూలు చూపు డిగ్రీలో అరవయ్యో వంతు వరకే విడదీస్తుంది. 65 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 144 సెం.మీ. దాని మీద 1080 బొమ్మలో ఒక్కో పిక్సెల్ 0.75 మి.మీ. 2.6 మీటర్లు దాటి కూర్చుంటే ఆ పిక్సెళ్లే విడిగా కనబడవు. 4కె పిక్సెళ్లు పూర్తిగా అందాలంటే 1.3 మీటర్లకు జరగాలి. 55 అంగుళాలకైతే ఆ దూరాలు 2.2, 1.1. టీవీకి అంత దగ్గరగా కుర్చీ వేసుకునేవాళ్లు ఎంతమంది?

పైగా 2000 తర్వాత చాలా ఏళ్లపాటు చాలా సినిమాల డిజిటల్ ఇంటర్మీడియట్ (ఎడిటింగు, రంగులు దిద్దిన చివరి డిజిటల్ ప్రతి) 2కెలోనే పూర్తి చేశారు, అంటే 2048 పిక్సెళ్ల వెడల్పు. నెగటివ్ 35 ఎంఎం అయినా ఎడిటింగు, గ్రాఫిక్సు, రంగులు అన్నీ ఆ 2కెలోనే గడ్డకట్టాయి. దాన్ని సాగదీసి డబ్బా మీద 4కె అని వేస్తున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నల్లనలుపు:
పాతరీలు గారూ, మీ లెక్కలో తప్పు లేదు. కాకపోతే మీరు కొలిచింది 4కె డిస్కులో ఉన్న లాభాల్లోకెల్లా చిన్నదాన్ని.

బ్లూరే 8 బిట్, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లు. గ్రేడింగు (రంగులు, వెలుగు దిద్దడం) 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) వెలుగును ప్రమాణంగా పెట్టుకుని చేస్తారు. యూహెచ్‌డీ 10 బిట్, 1024 మెట్లు. మాస్టరింగు (డిస్కుకు వెళ్లే చివరి ప్రతి తయారీ) సాధారణంగా 1000 లేదా 4000 నిట్ల మానిటర్ల మీద. చీకటి గదిలో దీపం ఉన్న షాటు తీసుకోండి. బ్లూరేలో మంట నడిబొడ్డు తెల్లటి మచ్చ అయిపోతుంది, వివరం అక్కడ కోసేసి ఉంటుంది. మంచి హెచ్‌డీఆర్ (యూహెచ్‌డీలో వచ్చే, వెలుగునీడల పరిధి పెంచే పద్ధతి) గ్రేడులో అదే మంటలో పసుపు, నారింజ, వత్తి చుట్టూ నీలం వేరువేరుగా నిలుస్తాయి. పొద్దువాలే ఆకాశంలో బ్లూరే చూపించే చారలు కూడా ఇక్కడ దాదాపు ఉండవు. ఇది ఐదు మీటర్ల నుంచి కూడా తెలుస్తుంది, కుర్చీ జరపక్కర్లేదు.

2కెలో పూర్తయిన సినిమాకైనా హెచ్‌డీఆర్ గ్రేడు శ్రద్ధగా చేస్తే తేడా ఉంటుంది. ఇక డిజిటల్ ఇంటర్మీడియట్ రాకముందు, ఫిల్ము మీదే పూర్తయిన సినిమాలకు మీ 2కె అభ్యంతరం అసలు వర్తించదు. నెగటివ్‌ను 4కెలో స్కాన్ చేస్తే అడ్డు వచ్చేది ఏమీ లేదు. విచిత్రం ఏమిటంటే 1960ల సినిమా 4కెలో 2005 నాటి సినిమా కంటే ఎక్కువ ఇవ్వగలదు.

మూడోవరస:
ఇదంతా టీవీ సహకరిస్తేనే. గరిష్ఠ వెలుగు 400 నిట్లు దాటని, లోకల్ డిమ్మింగ్ (తెరలో చీకటి భాగాల వెనక వెలుగు తగ్గించడం) లేని ఎల్‌ఈడీ టీవీలో హెచ్‌డీఆర్ బొమ్మ తరచూ బ్లూరే కంటే మసకగా కనిపిస్తుంది. ఆ టీవీ ఉన్నవాళ్లు ముందు టీవీ మార్చాలి, డిస్కులు తర్వాత. ప్రొజెక్టర్ల సంగతి ఇంకా కష్టం. తెర మీద వెలుగు చాలావాటిలో 100 నిట్ల చుట్టుపక్కలే, కాబట్టి ఫలితమంతా టోన్ మ్యాపింగు (ఎక్కువ వెలుగును తెర చూపగలిగినంతకు కుదించడం) చేతిలో ఉంటుంది.

మంచి టీవీ ఉండి కూడా "తేడా ఏమీ లేదు" అనేవాళ్లు ముందు ఇవి చూడాలి. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టు మామూలు మోడ్‌లో వస్తుంది. మెనూలో ఆ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ లేదా డీప్ కలర్ అన్న మోడ్ పెట్టకపోతే ప్లేయర్ 10 బిట్ హెచ్‌డీఆర్ పంపదు, చప్పుడు చేయకుండా మామూలు బొమ్మకు దించేస్తుంది. కేబుల్ 18 గిగాబిట్లు మోసేది కావాలి. తక్కువరకమైతే బొమ్మ మీద తెల్లటి మెరుపు చుక్కలు పడతాయి, లేదా రెండు సెకన్లు తెర నల్లబడుతుంది. మధ్యలో పాత ఏవీ రిసీవర్ (స్పీకర్లకు శబ్దం పంచే పెట్టె) ఉంటే దానికి హెచ్‌డీసీపీ 2.2 (కాపీ నిరోధక తాళం) ఉందా చూడండి. లేకపోతే 4కె దాటదు. అందుకోసం రిసీవర్ మార్చనక్కర్లేదు, రెండు హెచ్‌డీఎంఐ అవుట్లున్న ప్లేయర్ తీసుకుని ఒకటి నేరుగా టీవీకి, రెండోది శబ్దానికి రిసీవర్‌కు ఇస్తే సరి.

ఇంకోటి. మామూలు బొమ్మకు, హెచ్‌డీఆర్10కు, డాల్బీ విజన్‌కు (చివరి రెండూ హెచ్‌డీఆర్ రకాలే) టీవీ సెట్టింగులు వేర్వేరుగా దాచుకుంటుంది. మోషన్ స్మూతింగు (కదలిక నున్నగా కనబడాలని టీవీ అదనపు ఫ్రేములు కలపడం) ఒకచోట ఆపేశాం కదా అని ఊరుకుంటే మిగతా రెంటిలో నడుస్తూనే ఉంటుంది.

గ్రెయిన్‌ప్రియ:
ఇద్దరూ ఫార్మాట్ గురించి కొట్టుకుంటున్నారు. నాకు మాస్టరే (డిస్కులోకి ఎక్కించిన మూలప్రతి) ముఖ్యం. 2010లో వచ్చిన ప్రిడేటర్ బ్లూరేలో గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి చుక్కలు) తుడిచి తుడిచి మొహాలు మైనపు బొమ్మల్లా చేశారు. అది పాత ఫార్మాట్ తప్పనుకుందామంటే, 2024లో వచ్చిన ఏలియన్స్, ట్రూ లైస్ 4కె డిస్కుల మీద కూడా అదే గొడవ: సాఫ్ట్‌వేర్‌తో దిద్ది చర్మాన్ని నున్నగా చేశారని. కొత్తొక వింత, పాతొక రోత అనుకుని కళ్లు మూసుకుని కొంటే ఇలాంటివే ఇంటికొస్తాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. దగ్గరి షాటులో పాజ్ చేసి బుగ్గ, కనుబొమ, చొక్కా నేత చూడండి. ఒక్కో ఫ్రేము జరిపితే గ్రెయిన్ ప్రతి ఫ్రేముకూ కొత్తగా మారాలి. చర్మం మీద ఏమీ లేకుండా గోడ మీద మాత్రం మరక కదలకుండా అంటుకుని ఉంటే నాయిస్ తుడిచినట్టే. ఆకాశానికి ఆనుకున్న కొమ్మల చుట్టూ తెల్లటి గీత ఉంటే అంచులకు కృత్రిమంగా పదును పెట్టినట్టు.

పాతరీలు గారి లాంటివాళ్లకు నడిమి దారి ఉంది: కొత్త 4కె స్కాన్ నుంచి తీసిన 1080 బ్లూరే. కానీ 4కె సెట్టులో జతగా వచ్చే బ్లూరే అదే అనుకోకండి. చాలాసార్లు అది పదేళ్ల నాటి పాత డిస్కే. ప్లేయర్ రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే కోడెక్ (బొమ్మను కుదించిన పద్ధతి) కనిపిస్తుంది. వీసీ-1 అనో ఎంపెగ్-2 అనో వస్తే అది దాదాపుగా తొలినాళ్ల డిస్కే.

పాతరీలు:
చూశారా, మంచి టీవీ, సరైన కేబుల్, మంచి మాస్టర్, అన్నీ కుదిరితేనే అని మీరే అంటున్నారు. నేనన్న "చాలా సినిమాల విషయంలో" అన్నమాట అక్కడే ఉంది. ఇంకా యంత్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓపో 2018లో ప్లేయర్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది, శాంసంగ్ 2019లో అమెరికాలో కొత్త ప్లేయర్లకు స్వస్తి చెప్పింది. కంప్యూటర్‌లో చూద్దామంటే అధికారిక ప్లేబ్యాక్‌కు ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (ప్రాసెసర్‌లోని ఒక భద్రతా సదుపాయం) కావాలి, 11వ తరం నుంచి కోర్ ప్రాసెసర్లలో అది లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ డిస్కులు వేటిలో పెట్టుకుంటారు?

డిస్కులపెట్టె:
అదే భయమైతే ఇప్పుడే రెండో ప్లేయర్ కొని పెట్టుకోవడం మేలు. డిస్కు కొనకుండా ఉండటం దానికి మందు కాదు, ఎందుకంటే యూహెచ్‌డీ ప్లేయర్లు బ్లూరే, డీవీడీలు కూడా ఆడిస్తాయి.

100 జీబీ డిస్కులో మూడు పొరలు. ఆగిపోయే జబ్బు ఎక్కువగా పొర మారే చోట, సుమారు మూడో వంతు, రెండు మూడో వంతుల దగ్గర కనిపిస్తుంది. కొత్త డిస్కు రాగానే, వాపసు గడువులోపే, ఆ రెండు చోట్లా పది పదిహేను నిమిషాలు ఆడించి చూడండి. ఆగితే మైక్రోఫైబర్ గుడ్డతో నడిమి రంధ్రం నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు. కొత్త డిస్కుల మీద కూడా ఒక్కోసారి సన్నటి పొగమంచులాంటి పూత ఉంటుంది. అప్పటికీ ఆగితే వేరే ప్లేయర్‌లో చూసి మరీ వాపసు పంపండి.

గీతలు పడితే పాలిష్ యంత్రానికి ఇవ్వకండి. డీవీడీలో సమాచారం 0.6 మి.మీ. లోతున ఉంటుంది కాబట్టి పైన అరగదీయొచ్చు. బ్లూరేలో అది 0.1 మి.మీ. లోతునే. అరగదీస్తే డిస్కు పోయినట్టే.

మార్పు తప్పనిసరి అయ్యేది 2006–2008 నాటి వార్నర్ డీవీడీలకు. వాటిలో కొన్ని పాడవుతున్నాయని ఆ సంస్థే 2025లో ఒప్పుకుంది. ముందు అవి ఆడించి చూడండి.

ఇక పాతవి అమ్మేసేవాళ్లకు ఓ మాట. తొలి స్టార్‌వార్స్ మూడు సినిమాల థియేటర్ వెర్షన్లు 2006 డీవీడీల్లో అదనపు డిస్కులుగా వచ్చాయి, అవీ లేజర్‌డిస్క్ మాస్టర్ల నుంచి. బొమ్మ దారుణం, కానీ బ్లూరే సెట్టులోనూ, 4కె సెట్టులోనూ ఉన్నవి తర్వాత మార్చిన వెర్షన్లే. అసలు మోనో శబ్దం కూడా ఇలాగే మాయమవుతుంటుంది, కొత్త డబ్బా వెనక ఆట్మోస్ (డాల్బీ వారి బహుళ స్పీకర్ల శబ్దం) ఒక్కటే రాసి ఉంటే పాతది దాచుకోండి.

నల్లనలుపు:
వీడియో మీద తీసిన వాటిని వదిలేయొచ్చని నేనూ అంటాను. 28 డేస్ లేటర్ దాదాపు మొత్తం మినీడీవీ (చిన్న టేపు మీద తక్కువ రిజల్యూషన్ వీడియో తీసే) కెమెరాతో తీశారు. అలాంటి బొమ్మకు బ్లూరేయే ఎక్కువ.

మూడోవరస:
రీజియన్ సంగతి మరచిపోయారు. 4కె డిస్కుకు రీజియన్ కోడు లేదు, ఎక్కడిదైనా ఎక్కడైనా ఆడుతుంది. కానీ సెట్టులోని బ్లూరేకు ఎ, బి, సి తాళం ఉండొచ్చు. డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు సాధారణంగా ఆ డిస్కులోనే ఉంటాయి.

గ్రెయిన్‌ప్రియ:
నా టీవీకి డాల్బీ విజన్ లేదు. అది ఉన్న డిస్కు కొంటే దండగా?

మూడోవరస:
కాదండీ. హెచ్‌డీఆర్ ఉన్న ప్రతి యూహెచ్‌డీ డిస్కులో హెచ్‌డీఆర్10 తప్పనిసరి, డాల్బీ విజన్ దాని మీద అదనం. మీ టీవీ హెచ్‌డీఆర్10నే తీసుకుంటుంది. ప్లేయర్ మెనూలో డాల్బీ విజన్ ఆఫ్ చేసి పెట్టండి చాలు.