షటిల్ టోర్నీలో సర్వీస్ లొల్లి, కేటగిరీ లొల్లి: రూల్స్ తెలిసినవాళ్లు జర చెప్పండి

హాలియా సీడ్స్:

అందరికీ నమస్తే. నాది నల్లగొండ జిల్లా హాలియా. విత్తనాలు, ఎరువుల దుకాణం. తెల్లారగట్ల కోర్టు, ఆ తర్వాత గల్లాపెట్టె. మొన్న ఆదివారం నల్లగొండలో ఒక క్లబ్బు వాళ్లు డబుల్స్ టోర్నీ పెడితే పోయి వచ్చాం. క్లబ్బు పేరు రాయను, మళ్లీ వాళ్ల కోర్టులోనే ఆడాలి కదా.

నా పార్ట్‌నర్ మా ఊరి లెక్కల సారు. ఆయనకు 46, నాకు 43. 40+ కి పేరు ఇచ్చాం. పొద్దున పోయేసరికి, ఆ కేటగిరీకి జోడీలు సరిపోలేదు, ఇంటర్మీడియట్ (నడిమి స్థాయి ఆటగాళ్ల) కేటగిరీలో కలిపేశాం అన్నారు. సరే అనుకున్నాం. సెమీస్‌లో ఎదురొచ్చింది ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు గాల్లోకి లేచి స్మాష్ కొడుతుంటే షటిల్ మాకు కనబడితే ఒట్టు. యూనివర్సిటీ టీమ్‌కు ఆడినవాడని తర్వాత టీ బండి దగ్గర తెలిసింది. అయినా 30 పాయింట్ల సింగిల్ సెట్, బాగానే లాగాం. 21-21 వరకు సమానం.

అక్కడ మొదలైంది లొల్లి. వాళ్లు మా సర్వీస్ విరగ్గొట్టి 22 చేశారు. ఇక సర్వీస్ చేయాల్సింది ఒకడైతే చేసింది ఇంకొకడు. వరసగా మూడు పాయింట్లు తీసి 25-21 చేశాక మా సారు గుర్తుపట్టాడు. ఆ మూడూ తీసెయ్యమన్నాం. స్కోరర్ ఒప్పుకోలేదు. 'పాయింట్లు పాయింట్లే, మనుషులను మాత్రం సరిగ్గా నిలబెడతా' అన్నాడు.

ఆ తర్వాత నేను లేపిన లాబ్ రేకుల కింది ఇనుప దూలానికి తగిలింది. ఫాల్ట్ అన్నాడు. అదే కోర్టులో మా ముందు మ్యాచ్‌కు వేరే స్కోరర్ అలాంటిదానికే లెట్ ఇచ్చాడు, అంటే పాయింట్ ఎవరికీ లేకుండా మళ్లీ ఆడించాడు!

చివరికి 28-29 దగ్గర సారు నెట్ మీద ట్యాప్ కొట్టాడు. షటిల్ అవతల పడింది. అది పడ్డాక ఆయన బ్యాటు నెట్‌కు తగిలింది. నెట్ టచ్ అని వాళ్లు చేతులెత్తారు, పాయింట్ వాళ్లకిచ్చారు, 30-28, ఆట ఖతం.

ఈ మూడింట్లో ఏది న్యాయం, ఏది కాదు? ఇంకోటి, మాలాంటివాళ్లు ఏ కేటగిరీలో రాయించుకోవాలి?

మిర్యాలగూడ లెఫ్టీ:

అన్నా, పచ్చి అన్యాయం. తప్పు మనిషి సర్వీస్ చేస్తే ఆ పాయింట్లు చెల్లవు. మా దగ్గరైతే మూడూ తీసేసేవాళ్లం. దూలం తగిలితే ఎక్కడైనా లెట్టే. మీరు మెత్తగా ఉన్నారు కాబట్టి నెత్తికెక్కారు.

పాలమూరు పీఈటీ:

హాలియా తమ్ముడూ, లెఫ్టీ తమ్ముడి మాట పట్టుకుని ఇంకెక్కడా వాదించకు, నవ్వుతారు. నేను పీఈటీగా చేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు టోర్నీలుంటే పిలుస్తారు, పోయి అంపైర్ కుర్చీలో కూర్చుంటాను.

సర్వీస్ సంగతిలో ఆ స్కోరర్ చెప్పిందే కరెక్ట్. తప్పు మనిషి చేసినా, తప్పు కోర్టులోంచి చేసినా, బయటపడ్డప్పుడు సరిదిద్దాలి, అప్పటి స్కోరు అట్లాగే ఉండాలి. ఇది బ్యాడ్మింటన్ లాస్‌లో, అంటే ఆట నిబంధనల్లో, స్పష్టంగా ఉంది. పాత రూల్స్‌లో కొన్ని సందర్భాల్లో లెట్ ఇచ్చేవాళ్లు. లెఫ్టీ తమ్ముడికి ఎవరో పెద్దాయన ఆ పాత సంగతి చెప్పి ఉంటాడు. నా మాట అడిగితే ఇప్పటి రూలే మంచిది. లేకపోతే ఓడిపోయేవాడు ప్రతి మ్యాచ్‌లో వెనక్కి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

మీరు నేర్చుకోవాల్సింది ఆ తప్పును మొదటి షటిల్ లేవకముందే పట్టుకోవడం. 2006లో 21 పాయింట్ల ర్యాలీ పద్ధతి వచ్చినప్పటి నుంచి డబుల్స్‌లో జట్టుకు ఒకటే సర్వీస్, రెండో సర్వర్ లేడు. సర్వీస్ చేసే జట్టు స్కోరు సరి సంఖ్య అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి. సర్వీస్ చేస్తూ పాయింట్ గెలిస్తేనే ఆ ఇద్దరూ పక్కలు మారతారు. రిసీవ్ చేసే జట్టు పాయింట్ గెలిచినా సరే, నిలబడ్డ చోటు మారదు. మీ మ్యాచ్‌లో వాళ్లు రిసీవ్ చేస్తూ 22కు వచ్చారు. 22 సరి సంఖ్య. అంటే ఆ ర్యాలీ మొదలైనప్పుడు వాళ్లలో కుడి పక్క ఎవడున్నాడో సర్వీస్ వాడిదే. గుర్తుపెట్టుకోవాల్సింది అంతే. మీ సారు లెక్కల మాస్టరే కదా, ఇక నుంచి ఆ డ్యూటీ ఆయనకు అప్పజెప్పు.

దూలం విషయం వేరు. రూఫ్‌కు తగిలితే మామూలుగా ఫాల్టే. అయితే బిల్డింగ్ కట్టడం వల్ల షటిల్‌కు ఏదైనా అడ్డమొస్తుంటే, లోకల్ అసోసియేషన్ దానికి సొంత నిబంధన పెట్టుకునే వీలు కూడా లాస్‌లోనే ఉంది. మన దగ్గర సగం హాళ్లు రేకుల షెడ్లు, దూలాలు నెత్తిమీదే ఉంటాయి. కాబట్టి లెట్ అని పెట్టుకున్నా తప్పు లేదు, ఫాల్ట్ అని పెట్టుకున్నా తప్పు లేదు. ఒక స్కోరర్ ఒకటి, ఇంకో స్కోరర్ ఇంకొకటి ఇవ్వడం మాత్రం ముమ్మాటికీ తప్పే. ఆ క్లబ్బు వాళ్లను అడగాల్సింది దీని గురించే.

ఇక నెట్ టచ్. షటిల్ నేలకు తాకగానే ర్యాలీ అయిపోయినట్టు. ఆ తర్వాత బ్యాటు తగిలినా, చొక్కా తగిలినా, మనిషే పోయి నెట్ మీద పడ్డా ఫాల్ట్ కాదు. షటిల్ ఇంకా గాల్లో ఉండగా తగిలితే మాత్రం ఫాల్ట్, ఎంత చిన్నగా తగిలినా సరే. నువ్వు చెప్పినట్టే జరిగి ఉంటే ఆ పాయింట్ మీదే, 29-29 కావాలి. కాకపోతే నెట్ మీది ట్యాప్‌లో ఈ రెండూ దాదాపు ఒకేసారి జరుగుతాయి. నేను కుర్చీలో ఉంటే అలాంటప్పుడు షటిల్ వెంట చూపు పోనివ్వను. కళ్లు నెట్ పైన ఉండే తెల్ల టేపు మీద పెడతాను, చెవులు నేల మీద పెడతాను. కార్క్ టక్‌మన్నాక టేపు ఊగితే పాయింట్, ముందే ఊగితే ఫాల్ట్. స్తంభానికి దూరంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చేతిలో ఫోన్‌తో స్కోరు రాసే పిల్లగాడికి ఇది దొరకదు. అతని మీద కోపం వద్దు. ఆ పిల్లగాడికి రోజంతా కూర్చుంటే ఒక టీషర్టు, బిర్యానీ పొట్లం ఇస్తారు, అంతే.

మీతో ఆడిన కుర్రాళ్ల సర్వీస్ ఎత్తు గురించి నువ్వు రాయలేదు గానీ, తర్వాతి గొడవ దాని మీదే వస్తుంది, రాసిపెట్టుకో. 2018 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో కొట్టే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. దాన్ని చూడ్డానికి కొలత స్టాండు కావాలి. మన టోర్నీల్లో అది ఉండదు కాబట్టి పాత నడుము రూలుతోనే నడిపిస్తారు. అక్కడ హద్దు బెల్టు కాదు, పక్కటెముకల్లో అన్నిటికంటే కిందిదాని మట్టం. చాలామంది బెల్టు చూసి ఫాల్ట్ అని అరుస్తారు.

డాలస్ సూర్యాపేట:

పీఈటీ సార్, చదివి మస్తు సంబరమైంది. మాది సూర్యాపేట దగ్గర పల్లె, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నా. ఇక్కడ నేను రాకెట్‌బాల్ ఆడతాను. నాలుగు గోడల మధ్య రబ్బరు బంతి, కోర్టు 40 అడుగుల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు. పైకప్పు కూడా ఆటలో భాగమే, కావాలనే దానికి కొడతాం. దూలం లొల్లి చదువుతుంటే నవ్వొచ్చింది.

కేటగిరీల గురించి ఇక్కడి పద్ధతి చెబుతా. ఓపెన్, ఎలైట్, ఆ కింద ఏ, బీ, సీ, డీ, నోవిస్. వయసు గ్రూపులు విడిగా ఉంటాయి. నేను సీలో ఆడతాను. ఎవరి స్థాయి వాళ్లే రాసుకుంటారు, కానీ టోర్నీ డైరెక్టర్‌కు పాత ఫలితాలు తెలుసు. సీలో కప్పు కొట్టి మళ్లీ సీలోకే వస్తే పైకి నెట్టేస్తాడు. అలా కింద దాక్కునేవాళ్లు ఇక్కడా ఉన్నారు, ట్రోఫీ పిచ్చి ఏ దేశంలోనైనా ఒకటే.

మా గొడవలు ఎక్కువగా అడ్డం గురించి. ఇద్దరూ ఒకే కోర్టులో తిరుగుతుంటారు కదా, కొట్టేవాడికి దారి ఇవ్వాలి. తెలియక అడ్డమొస్తే ర్యాలీ మళ్లీ ఆడతారు, తప్పుకునే వీలుండీ తప్పుకోకపోతే ర్యాలీ పోతుంది. ఏది ఏదనేది రిఫరీ చెప్పాలి. ఇద్దరు లైన్ జడ్జీలుంటే, వాళ్లిద్దరూ కాదంటే రిఫరీ మాట కూడా పక్కకు పోతుంది. చిన్న రౌండ్లలో ఓడినవాడే తర్వాతి మ్యాచ్‌కు రిఫరీగా ఉండాలి, అదొక శిక్ష.

హాలియా సీడ్స్:

పీఈటీ సార్, దండాలు. ఆ మూడు పాయింట్ల మీద కడుపుమంట చల్లారింది, నెట్ టచ్ మీద డబుల్ అయింది. డాలస్ అన్నా, ఓడినవాడిని రిఫరీ చేసే పద్ధతి మన దగ్గర పెడితే మొదటి రోజే తన్నుకుంటారు.

కేటగిరీ సంగతి ఎవరైనా చెప్పండి. జడ్చర్లలో ఇంకో టోర్నీ ఉందంటున్నారు.

జడ్చర్ల ఆర్గనైజర్:

ఆ టోర్నీ పెడుతున్నవాళ్లలో నేనూ ఒకణ్ని, అందుకే రాస్తున్నా. ముందు మా కష్టం వినండి. ఫెదర్ షటిల్ ట్యూబులో 12 ఉంటాయి, గట్టి డబుల్స్ మ్యాచ్‌లో మూడు నాలుగు ఊరికే ఈకలు ఊడి మూలకు పోతాయి. నాలుగు జోడీలతో 40+ నడిపితే ఎంట్రీ ఫీజు షటిళ్లకే చాలదు. అందుకే కలిపేస్తారు. అయితే కలపాలంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, ఇష్టం లేనివాళ్లకు ఫీజు తిరిగి ఇవ్వాలి. పొద్దున కోర్టు దగ్గరకు పిలిపించి చెప్పడం పద్ధతి కాదు.

కింది కేటగిరీల్లో పై ఆటగాళ్లు దూరడం మాకు కూడా తలనొప్పే. పేరు మార్చి వచ్చినవాళ్లను కూడా చూశాం. ఈసారి ఆధార్ చూస్తాం. బీఏఐ (బ్యాడ్మింటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) ఐడీ ఉన్నవాళ్లు, యూనివర్సిటీకి గానీ స్టేట్‌కు గానీ ఆడినవాళ్లు ఓపెన్‌లో మాత్రమే ఆడాలి. మ్యాచ్ మొదలయ్యే ముందు అవతలి జోడీ అభ్యంతరం చెబితే చూస్తాం, ఓడిపోయాక చెబితే వినం. ఇది కరపత్రంలోనే వేస్తున్నాం. దూలం తగిలితే సర్వీస్‌లో ఫాల్ట్, ర్యాలీలో లెట్ అని కూడా వేస్తున్నాం.

మీ ఇద్దరికీ నా సలహా కంబైన్డ్ 80. ఇద్దరి వయసు కలిపి 80 దాటాలి, ఒక్కొక్కరికి 35 నిండాలి. మీది 89, బేఫికర్. ఇంటర్మీడియట్ జోలికి పోకండి. ఆ పేరు కింద ఎవరైనా దూరొచ్చు, వయసును మాత్రం కాగితం చెబుతుంది.

పాలమూరు పీఈటీ:

జడ్చర్ల తమ్ముడూ, అన్నీ బాగున్నాయి. షటిల్ స్పీడు చూసుకున్నావా? ఈ ఎండలకు 77 నంబరు స్పీడుది తెస్తే వెనక గీత వైపు ఎత్తుగా కొట్టే ప్రతి క్లియర్ బయటికే పోతుంది. వేడికి గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది. 76 తీసుకో. మధ్యాహ్నం రేకుల కింద ఆడించేట్టయితే 75 కూడా రెండు ట్యూబులు దగ్గర పెట్టుకో. వెనక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో కొట్టించి చూడు. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసి వదిలెయ్యకు, పన్నెండింటికి మళ్లీ కొట్టించు. లేదంటే పొద్దున గెలిచినవాడే మధ్యాహ్నం అన్నీ అవుట్ కొట్టి, నీతో కొట్లాటకు వస్తాడు.

మిర్యాలగూడ లెఫ్టీ:

పీఈటీ సార్, తిట్టినా మంచే చెప్పారు. ఒక డౌట్. సర్వీస్ నెట్‌కు తగిలి అవతలి బాక్సులో పడితే లెట్టా? మా దగ్గర మళ్లీ చేయిస్తారు.

పాలమూరు పీఈటీ:

లెట్ లేదు, మంచి సర్వీసే, ఆడాల్సిందే. మళ్లీ చేయించేది టేబుల్ టెన్నిస్‌లో. మీ దగ్గర ఇంకా ఏమేం చేయిస్తారో అన్నీ ఒకసారి రాసి పంపు తమ్ముడూ, తీరిగ్గా చూద్దాం.

హాలియా సీడ్స్:

జడ్చర్ల అన్నా, కంబైన్డ్ 80లో మా జోడీ రాసుకోండి. ఒక్క మనవి, మా మ్యాచ్ పదకొండు తర్వాత వెయ్యండి. ఆదివారం పొద్దున యూరియా లారీ దిగేది ఉంది.

జడ్చర్ల ఆర్గనైజర్:

రాసుకున్నా. టైము మాత్రం డ్రా తీశాకే చెబుతా. ఆధార్ జిరాక్స్ ఇద్దరివీ తెండి, ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు.